దారికొచ్చిన తాబేలు

మడికొండలో మా కొత్తింటి గృహప్రవేశానికి అందరూ గోడ గడియారాలు, దేవుడి పటాలు తెస్తే మా బామ్మర్ది మాత్రం టేబుల్ ఫ్యాను డబ్బాలో ఒక తాబేలును తెచ్చాడు. వాడు ములుగు అవతలి అడవి ఊళ్లకు జీపు నడుపుతాడు. డబ్బాకు పక్కన రెండు చిల్లులు పొడిచి ఉన్నాయి. అంతవరకు జాగ్రత్తపరుడే.

“ఇంట్ల తాంబేలుంటే కలిసొస్తది బావా. అడివిల దొరికింది. తిప్పల పెట్టదు, ఓ మూలకు పడుంటది,” అన్నాడు.

నల్లటి డిప్ప మీద పసుపు గీతలు. నక్షత్ర తాబేలు అంటారట. అలాంటిదాన్ని ఇంట్లో పెట్టుకోవడం నేరమని అప్పట్లో నాకు తెలియదని రాయాలని ఉంది. తెలుసు. కాకపోతే అందరి ముందు తమ్ముడి కానుకను తిప్పి పంపితే మా ఆవిడ ముఖం ఎలా మారుతుందో అంతకంటే బాగా తెలుసు. నాలుగో తరగతి చదివే మా అమ్మాయి అప్పటికే డబ్బా పక్కన బోర్లా పడుకుని చిల్లులోంచి లోపలికి చూస్తోంది. అలా తాబేలు మా ఇంటిదయింది.

నా అసలు కష్టం చట్టంతో రాలేదు. పక్కింటి భాయ్‌తో వచ్చింది. ఆయన ఏసీలు రిపేరు చేస్తాడు, మాట నెమ్మది, మనిషి మంచివాడు. ఆయన ఇంట్లో కూడా ఒక తాబేలు ఉంది. ఏదో విదేశీ జాతి, హైదరాబాదులో ఎవరో పొదిగించి పెంచిన పిల్లను కొన్నాడు. దానికి కాగితాలు కూడా ఉన్నాయి. భాయ్ చెప్పుల చప్పుడు వినపడితే చాలు, అది వరండా ఆ చివర నుంచి తన చేతనైనంత వేగంగా వచ్చేస్తుంది. చేతిలోంచి కీరదోస ముక్క లాక్కుని తింటుంది. మెడ నిమిరితే ఇంకా సాచి ఇస్తుంది.

మొదటిసారి చూడడానికి వెళ్లినప్పుడు అది నేరుగా మా ఆవిడ పాదాల దగ్గరికొచ్చి తల వంచింది.

“చూశావా, ఎంత మర్యాదో,” అన్నాను.

“మర్యాద కాదు సార్, ఎర్ర నెయిల్ పాలిష్,” అన్నాడు భాయ్. “టమాట అనుకుంటాంది. అక్కా, కాలు జర ఎనకకు తియ్యుండ్రి, కొరుకుతది.”

మాది అలా కాదు. మనిషి నీడ పడితే బుస్సుమని తల, కాళ్లు లోపలికి గుంజుకునేది. ఎవరూ లేరనుకున్నప్పుడు బయటికొచ్చి కాంపౌండు గోడ వెంట నడిచేది. గేటు దాకా వెళ్లి, గేటుకు తలతో రెండు పోట్లు పొడిచి, మళ్లీ గోడ పట్టుకునేది. పొద్దస్తమానం అదే పని.

“మాది గుడ్డుల నుంచి బయటికి ఎల్లుడెల్లుడే మనుషుల చేతుల పడ్డది సార్,” అని భాయ్ ఒకరోజు వివరించాడు. “దానికి మనిషంటే కీరదోస. మీది అడివిది. దానికి మనిషంటే ఎవరో ఎర్కనా? దాన్ని పట్టుకున్నోడు.”

నాకు ఆ మాట నచ్చలేదు. పుట్టుకలో ఏమీ లేదు, అంతా పెంపకంలోనే ఉందనేది నా సిద్ధాంతం. నేను హసన్‌పర్తి వైపు ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు మొదటి నెల ఏడుస్తారు, ఇంటికి ఫోన్ చేస్తామంటారు, గేటు దగ్గర తచ్చాడుతారు. మూడో నెలకు ఒక్కరి గొంతూ వినపడదు. సెట్ అయ్యారని తల్లిదండ్రులకు చెప్తాం. వాళ్లూ సంతోషిస్తారు. ఇంతమందిని దారికి తెచ్చినవాణ్ని, అరచేతి మీద కూర్చునే జీవిని దారికి తేలేనా అనుకున్నాను.

టైమ్ టేబుల్ వేశాను. పొద్దున ఏడింటికి ఆకుకూర, సాయంత్రం ఐదింటికి కీరదోస, ఆదివారం మందార పూలు. మధ్యలో మనుషులకు అలవాటు పడేందుకు పది నిమిషాలు ఒళ్లో కూర్చోబెట్టుకోవడం. తిండి డ్యూటీ మా అమ్మాయికి అప్పగించాను. తాబేలు స్టీలు ప్లేటు రోజూ నేనే తనిఖీ చేసేవాణ్ని.

మొదటి నాలుగు రోజులు ప్లేటు పెట్టింది పెట్టినట్టే ఉంది. ఐదో రోజు నా ఓపిక అయిపోయింది. గోడ మూలలో ముడుచుకుని ఉన్న తాబేలు ముందు నిలబడి, దానికి అర్థమవుతుందన్నట్టే గొంతు పెంచాను. “రేపటి నుంచి ప్లేటు ఖాళీ కాలేదనుకో, నిన్ను డబ్బాల పెట్టి మామకు వాపస్ పంపిస్త.” అది మరింత లోపలికి పోయింది. పక్కనే మా అమ్మాయి ప్లేటు పట్టుకుని నిలబడి ఉంది.

మర్నాటి నుంచి ప్లేటు ఖాళీ.

నేను ఎంత పొంగిపోయానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. స్టాఫ్ రూములో చెప్పాను. బామ్మర్దికి ఫోన్ చేసి చెప్పాను. జంతువులకైనా క్రమశిక్షణ కావాలని మా ఆవిడకు ఉపన్యాసం ఇస్తే, ఆవిడ పప్పు తాలింపు మాడకుండా చూసుకుంటూ ఊఁ కొట్టింది. రెండో నెలకు తాబేలు గోడ వెంట తిరగడం తగ్గించింది. మూడో నెలకు పూర్తిగా మానేసింది. పెట్టిన చోటే ఉండేది. చేతుల్లోకి తీసుకున్నా బుస్సుమనేది కాదు, తల లోపలికి గుంజుకునేది కాదు. ఒళ్లో పెట్టుకుంటే పది నిమిషాలు కాదు, గంటైనా కూర్చునేది.

ఒక ఆదివారం పొద్దున భాయ్‌ని చాయ్‌కి పిలిచాను. చాయ్ వంక మాత్రమే. తాబేలును తెచ్చి టీపాయ్ మీద పెట్టి, దాని తల మీద వేలితో నిమిరాను. అది కదల్లేదు.

“చూసినవా భాయ్, అడివిదే. ఎట్ల అలవాటైందో,” అన్నాను.

భాయ్ కప్పు కింద పెట్టాడు. “జర నా చేతికియ్యుండ్రి సార్,” అని తీసుకుని, అరచేతిలో బరువు చూశాడు. వెలుతురు వైపు తిప్పి కళ్లు చూశాడు. లోతుకు పోయిన ఆ కళ్లను నేను అప్పటిదాకా ప్రశాంతమైన కళ్లు అనుకుంటున్నాను.

“తింటాందా సార్?”

“ప్లేటు రోజూ ఖాళీనే.”

తలుపు దగ్గర నిలబడ్డ మా అమ్మాయి లోపలికి వెళ్లిపోయింది.

“తప్పనుకోకుండ్రి సార్,” అన్నాడు భాయ్ మెల్లగా. “ఇది అలవాటైతలేదు. లోపటికి గుంజుకునే సత్తువ లేదు దీనికి. పాణం పోతాంది.”

నాకు తల కొట్టేసినట్టయింది. ముందు ఆయన మీద కోపం వచ్చింది, అసూయతో అంటున్నాడనుకున్నాను. ఆయన వెళ్లాక దాన్ని నేల మీద పెట్టి, వెనక నుంచి గట్టిగా చప్పట్లు కొట్టాను. కనురెప్ప కూడా కదల్లేదు.

తర్వాత రెండు రోజులు ఆలోచించాను. ఆలోచించానని మర్యాదకు అంటున్నాను, నిజానికి భయపడ్డాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఎక్కడిదని అడుగుతారు. అటవీశాఖ వాళ్లకు తెలుస్తుంది. పేపర్లో నా ఫోటో, చేతిలో తాబేలు, కింద లెక్చరర్ అని ఒక ముక్క. బామ్మర్దిని పిలిచి మళ్లీ అడవిలో వదిలేయించి చేతులు దులుపుకుందామనుకున్నాను. భాయ్ వద్దన్నాడు. “ఈ సత్తువతోని అడివిల ఇడిస్తే చీమలు పట్టి తింటయ్ సార్.”

ఆ రెండు రోజులూ అది బోర్లించిన గిన్నెలా ఒకే చోట ఉంది. మా అమ్మాయి బడికి పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. మూడో రోజు పొద్దున నేను లేచి బయటికొచ్చేసరికి ఫ్యాను డబ్బాలో పాత టవలు పరిచి, తాబేలును అందులో పెట్టి, స్కూటర్ దగ్గర నిలబడి ఉంది.

“పోదాం డాడీ,” అంది. అంతే.

అటవీశాఖ ఆఫీసులో నా పేరు, ఉద్యోగం, తాబేలు ఎలా వచ్చిందీ రాయించి సంతకం తీసుకున్నారు. నేను ఊహించుకున్న అరుపులేవీ లేవు. కేసు సంగతి పై అధికారి చూస్తారని చెప్పి, డాక్టరమ్మను పిలిపించారు. ఆవిడ తాబేలును తూకం వేసి, నోరు తెరిపించి చూసి, నన్ను అడిగింది.

“ఎన్ని రోజుల నుంచి తింటలేదు?”

“మొన్నటిదాకా బాగానే తిన్నది మేడం. టైమ్ ప్రకారం పెట్టేవాళ్లం.”

“కడుపుల ఏం లేదు. ఇది మొన్నటి సంగతి కాదు. సరిగ్గ చెప్పుండ్రి, లేకుంటే మందు తప్పుతది.”

“సరిగ్గనే చెప్తున్న మేడం, ప్లేటు రోజూ నేనే చూసిన.”

“అది తినలే మేడం,” అంది మా అమ్మాయి. టేబులంత ఎత్తున్న పిల్ల, డాక్టరమ్మ వైపే చూస్తూ చెప్పింది. “వచ్చిన కాడికెళ్లి తినలే. వానొచ్చినప్పుడు రెండుసార్లు గడ్డి కొరికింది. ప్లేట్లయి నేనే గోడ అవుతల మేకలకేసిన.”

డాక్టరమ్మ అదే రాసుకుంది. నా వైపు మళ్లీ చూడలేదు, అందుకు ఆవిడకు రుణపడి ఉన్నాను. దాన్ని వాళ్లే ఉంచుకున్నారు. బతుకుతుందో లేదో చెప్పలేమన్నారు. తిరుగు దారిలో స్కూటర్ మీద మా అమ్మాయి ఖాళీ డబ్బా పట్టుకుని వెనక కూర్చుంది. ఎందుకు దాచావని నాకు అడిగే ముఖం లేదు.

మూడు వారాలకు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. బతికింది. తింటోంది. మనిషి దగ్గరికొస్తే బుస్సుమని ముడుచుకుంటోందట, రోజంతా గోడ వెంట తిరుగుతోందట. మంచి లక్షణాలండీ, అన్నాడు అవతలి మనిషి. మూడు నెలలు కష్టపడి నేను మాన్పించినవన్నీ అది మళ్లీ మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం మా అమ్మాయి వరండాలో హోంవర్క్ చేసుకుంటోంది. పక్కన కూర్చుని ఫోన్ సంగతి చెప్పాను. దాని ముఖం వెలిగిపోయింది. ఆ ధైర్యంతో, ఇన్నాళ్లూ గొంతులో ఉన్నది అడిగాను.

“తింటలేదని నాకెందుకు చెప్పలేదు బిడ్డా?”

అది పెన్సిలు ఆపలేదు. కోపంగా కాదు, ఏడుపుతోనూ కాదు, వచ్చిన లెక్కకు జవాబు చెప్పినట్టే చెప్పింది.

“నువ్వు కోపం చేస్తే అదైతే డిప్పలకు పోతది డాడీ. నేనేడికి పోవాలె?”