కరుణమ్మ అయిదింటి గంట

పెనుమూడి దారిలో ఉన్న ఓ చిన్న పాలెం గుడికి ఇరవై రెండేళ్లుగా గంట కొట్టేది కరుణమ్మ. వయసు అరవై దాటింది. వారంలో ఆరు రోజులు కూలికి వెళ్తుంది. ఆదివారం మాత్రం గుడి తలుపులు తెరిచేదీ, మూసేదీ ఆవిడే.

ఆ పారిష్‌లో గుళ్లు అయిదు, పాస్టరు ఒక్కరే. తెనాలి నుంచి కొత్తగా వచ్చిన యోబు గారు ఆదివారం రేపల్లెలో ఆరాధన ముగించుకుని, మోటారు సైకిల్ మీద ఊళ్లన్నీ తిరిగి పాలెం చేరేసరికి పదిన్నరయ్యేది. నాట్లు మొదలయ్యాక వరసగా ఆరు ఆదివారాలు ఆయనకు కనిపించింది నలుగురు ముసలివాళ్లు, కరుణమ్మ.

"ఇక్కడ ఆరాధన ఆపేద్దాం కరుణమ్మా. ఉన్నవాళ్లు పక్కూరి గుడికి వస్తారు. సంఘం పెద్దలకి రేపు కాగితం రాస్తా" అన్నారాయన.

కరుణమ్మ లోపలి నుంచి ఓ గోతాం లాక్కొచ్చి ఆయన ముందు కుమ్మరించింది. చిన్న చిన్న గుడ్డ సంచులు, ముప్పైనాలుగు. ఆ ఊరి ఆడవాళ్లు అన్నం వండేటప్పుడల్లా పిడికెడు బియ్యం పక్కన తీసి, ఆదివారం గుడికి తెస్తారు.

"ఎప్పటివి ఇవి?"

"ఇవాళ్టివేనండి."

"బియ్యం ఎవరితోనైనా పంపొచ్చు. మనుషులు రావాలిగా?"

"వచ్చారండి, మీరే రాలేదు. అయిదింటికి గంట కొట్టా. పాటలు పాడాం, వాక్యం చదివాం. ఆరున్నరకి ఆటో ఎక్కి నాట్లకి పోయారు."

"ముందే చెప్పొచ్చుగా!"

"ఇదివరకటి అయ్యగారికి చెప్పాల్సిన పని లేకపోయిందండి. ఆయన వాళ్లదీ కూలి ఇల్లే."

నలుగురిలోకీ పెద్దవాడు లాజరు నవ్వాడు. "ఆవిడతో పెట్టుకోమాకండయ్యగారూ. మైకు బాగుచెయ్యడానికొచ్చినోడు ఆవిడ మాటలకి జడిసి పనిముట్లు ఇక్కడే వదిలేసి పారిపోయాడు."

యోబు గారు కాగితం రాయలేదు. రేపల్లె ఆరాధన వేళ కదలదు కాబట్టి, కదలాల్సింది తనేనని, రేపల్లెకి ముందే పాలెం రావాలని తేల్చుకున్నారు.

మరుసటి ఆదివారం చీకటితోనే బయలుదేరినా, దారిలో వాన పట్టుకుని ఆలస్యమైంది. కరుణమ్మ ఆయన కోసం ఆగలేదు. గోడ వారన క్యారేజీలు, చాపల నిండా జనం. యోబు గారు తడిసిన చెప్పులు విడిచి గుమ్మం దగ్గరే కూలబడ్డారు. ఆవిడ ఓసారి చూసి, చదువుతున్న కీర్తన చివరిదాకా చదివింది.

"ఇక రండయ్యగారూ. ఆటో వచ్చేదాకా మీకు నలభై నిమిషాలున్నాయి."