దారి కొలిచిన ఫైరు సారు

మొన్న మంగళవారం పొద్దున అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు ఒలుస్తుండగా ఫోన్ మోగింది. చెయ్యి తుడుచుకుని ఎత్తితే అవతల ఫైరు సారు భార్య.

"అమ్మాయ్, సారు వెళ్ళిపోయారమ్మా. తెల్లారి టీ తాగి, పేపరు పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. కాసేపటికి పిలిస్తే పలకలేదు."

ఆవిడ గొంతు వణకలేదు. "వస్తున్నానండి" అన్నాను. పిల్లలు పళ్ళేలు ముందు పెట్టుకుని నా వైపే చూస్తున్నారు. వాళ్ళందరికీ గుడ్లు పెట్టి, తిన్నాక మూతులు కడిగి, ఆయాకు అప్పజెప్పి అప్పుడు బయల్దేరాను. చేతిలో పని సగంలో పారేసి పరుగెత్తడం ఆయనకు నచ్చేది కాదు.

ఆయన మా వైపు ఫైర్ స్టేషన్‌లో ముప్పై ఏళ్ళు పైగా పనిచేశారు. రిటైరయ్యేనాటికి లీడింగ్ ఫైర్‌మన్, అంటే ఇంజిన్‌తో వెళ్ళే జట్టుకు పెద్ద. మా కాలనీ ఆడవాళ్ళకు ఆ హోదా పేరు నోరు తిరగక ఫైరు సారు అన్నారు. అదే నిలబడిపోయింది.

ఆయన్ని నేను మొదటిసారి చూసింది మా ఇల్లు కాలిన రోజున.

బాపులపాడు వెళ్ళే రోడ్డు మీంచి లోపలికి తిరిగితే, మామిడి తోటల మధ్య అప్పట్లో మావి పద్నాలుగు తాటాకు ఇళ్ళు. నాకు పెళ్ళయి రెండో ఏడు. మే నెల, కాయ కోత మంచి ఊపు మీదుంది. మిట్టమధ్యాహ్నం అందరం తోటల్లో ఉండగా ఎవరి పొయ్యిలోనో మిగిలిన నిప్పు గాలికి లేచింది. మేం పరుగెత్తుకొచ్చేసరికి ఒక ఇంటి కొప్పు మీంచి ఇంకో ఇంటి కొప్పుకు మంట దూకుతోంది. ముసలివాళ్ళూ పిల్లలూ అప్పటికే బయటపడ్డారు. మా అత్తగారు మేకను విప్పుకుని కాలవ గట్టున నిలబడి కేకలు పెడుతోంది.

ఇంజిన్ గంట వినపడింది గానీ ఇంజిన్ కనపడలేదు. మా కాలనీకి వచ్చే డొంకలో ఒక మలుపు ఉంది. ఒక పక్క పంట కాలవ, ఇంకో పక్క తోట ముళ్ళకంచె. బండి అక్కడ తిరగలేకపోయింది. జట్టంతా దిగి గొట్టాలు భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చారు. ఉన్న గొట్టాలన్నీ కలిపినా రెండిళ్ళ దూరం తక్కువైంది. ఆపైన వాళ్ళూ మా బిందెలే పట్టుకుని, మాతో పాటే వరసలో నిలబడి నీళ్ళు అందించారు. అయిదిళ్ళు మిగిలాయి. తొమ్మిది పోయాయి. పోయిన వాటిలో మాది ఒకటి.

మా ఆయన కోపంతో వెళ్ళి ఆయన చొక్కా పట్టుకున్నాడు. "అంతా బూడిదయ్యాక ఎందుకండీ వచ్చారు? చూసిపోదామనా?"

జట్టులో ఇద్దరు ముందుకొచ్చారు. ఆయన చెయ్యెత్తి వాళ్ళను ఆపేశారు.

"నిజమేనయ్యా, ఆలస్యమైంది. ఎక్కడైందో చూద్దువుగాని, నాతో రా."

మా ఆయన్ని వెంటబెట్టుకుని ఆ మలుపు దాకా నడిచారు. టైర్లు ఎక్కడ ఆగాయో, కంచె ఎక్కడ అడ్డొచ్చిందో చూపించారు. "ఈ దారి నేను ముందే చూసి ఉండాల్సింది. చూడలేదు. అది నా తప్పు," అన్నారట. మా ఆయన తిరిగొచ్చి బూడిద పక్కన కూలబడి, "తిట్టినా బాగుండేదే," అన్నాడు.

మర్నాడు సారు డ్యూటీ లేని రోజు. అయినా జట్టులో ఇద్దర్ని తీసుకుని మళ్ళీ వచ్చారు. బూడిద కెలికి గిన్నెలో, పలుగులో, పనికొచ్చేవేవైనా ఉంటే ఏరిపెట్టారు. నా రేకు పెట్టె దొరికింది. మూత తెరిస్తే లోపల నా పదో తరగతి సర్టిఫికెట్ నల్లటి రేకలా ఉంది. ముట్టుకుంటే పొడైపోయింది. అంగన్‌వాడీ పోస్టుకు దరఖాస్తు పెట్టడానికి అదొక్కటే నాకున్న ఆధారం. ఇల్లు కాలినప్పుడు ఏడవని దాన్ని అప్పుడు ఏడ్చాను.

"ఏ స్కూలమ్మాయ్?" అన్నారాయన, పక్కన గొంతుక్కూర్చుని.

"చింతలపూడి దగ్గరండి. మా పుట్టినూరు."

"రేపు పొద్దున్నే మీ ఆయన్ని తీసుకుని బస్టాండుకి రా. కాలిపోయినట్టు స్టేషన్ నుంచి కాగితం రాయించి తెస్తాను."

అన్నట్టే తెచ్చారు. స్కూలుకు సెలవులు. ఆఫీసు గది దగ్గర ఒక్క గుమస్తా ఉన్నాడు. "సెలవులయ్యాక రండి," అన్నాడు తలెత్తకుండా.

"అప్పటికి ఈ అమ్మాయి దరఖాస్తు గడువు దాటిపోతుందండి. హెడ్మాస్టరుగారి ఇల్లెక్కడో చెబితే మేమే వెళ్తాం."

"ఈ ఎండలోనా?"

"మాకు వేడి అలవాటేనండి," అన్నారు సారు. ఆ గుమస్తా నవ్వేశాడు. నవ్వి, చెప్పులు తొడుక్కుని తనే దారి చూపించాడు. హెడ్మాస్టరుగారు లుంగీతోనే వచ్చి బీరువా తెరిచి రిజిస్టరు తీశారు. పదో తరగతి పాసైనట్టు ఆయన రాసిచ్చిన సర్టిఫికెట్ గడువుకు రెండు రోజుల ముందు నా చేతికొచ్చింది. ఆ వెంటనే సారుకు దండం పెట్టడానికి వెళ్ళాను. "నాకెందుకమ్మాయ్? ఉద్యోగం వస్తే పిల్లలకి నిప్పంటే ఏంటో చెప్పు. భయపెట్టకు, చెప్పు," అన్నారు.

ఉద్యోగం వచ్చింది. ఇవాళ్టికీ అదే చేస్తున్నాను.

ఆయన మాత్రం ఆ మలుపును వదిలిపెట్టలేదు. ఇంజిన్ ఎంత వెడల్పో అంత దూరంలో రెండు ముడులు వేసిన తాడొకటి జేబులో పెట్టుకుని, డ్యూటీ లేనప్పుడల్లా మోపెడ్ మీద ఊరూరా తిరిగారు. ప్రతి డొంకలో దిగి తాడు పట్టి చూసేవారు. ఎవరి బోరులో నీళ్ళున్నాయి, మోటారు గది తాళం ఎవరి దగ్గరుంటుంది, ఏ చెరువు దగ్గరికి బండి దిగుతుంది, అన్నీ అడిగి రాసుకునేవారు. "ఫైరు సారు దారి కొలతకొచ్చారే!" అని ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వుతూనే తాడు రెండో కొస వాళ్ళ చేతికే ఇచ్చి పట్టుకోమనేవారు.

మా మలుపు దగ్గర కంచె తోట ఆసామిది. కాస్త వెనక్కి జరపమని సారు అడిగితే ఆయన ఒప్పుకోలేదు.

"రెండు రసాల చెట్లు పోతాయండీ. మా తాత నాటినవి. ఎప్పుడో వచ్చే మంటకోసం ఇప్పుడు కొట్టుకోమంటారా?"

సారు వాదించలేదు. మరుసటి ఏప్రిల్‌లో అగ్నిమాపక వారోత్సవాలు వచ్చాయి. ఆ డ్రిల్లుకని ఇంజిన్నే తీసుకొచ్చి ఆ మలుపు దగ్గర పెట్టించారు. ఆసామిని పిలిచి చెట్టు నీడన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. డ్రైవరు ముందుకు, వెనక్కు, ముందుకు, వెనక్కు అరగంట తిప్పలు పడ్డాడు. బండి తిరగలేదు. అప్పుడు సారు మెల్లగా, "మీ మామిడి షెడ్డు కూడా ఈ మలుపు దాటాకే కదండీ?" అన్నారు.

ఆసామి లేచి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా కంచె వెనక్కి జరిగింది. చివరికి కొట్టింది ఒక్క చెట్టే.

ఆయన అలవాట్లు కొన్ని చెప్పాలి. ఎవరింటికెళ్ళినా కూర్చోకముందే వంటింట్లోకి తొంగిచూసి గ్యాసు రెగ్యులేటర్ కట్టేసుందో లేదో చూసేవారు. మా అత్తగారు, "ఆయనొస్తున్నాడంటే పొయ్యి మీద టీ కూడా పెట్టబుద్ధి కాదు," అని విసుక్కునేది. విసుక్కుంటూనే పెట్టేది. రసాలంటే ఆయనకు ప్రాణం. తినేముందు యూనిఫాం చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, బనీనుతో కూర్చుని చంటిపిల్లాడిలా మోచేతులదాకా కార్చుకుంటూ జుర్రేవారు. స్టేషన్‌లో ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. మంట ఆర్పి ఎంత అలిసిపోయి వచ్చినా ముందు గొట్టాలు కడిగి ఆరేయాలి, తర్వాతే అన్నం. "గొట్టం ఆకలి తీరాకే మన ఆకలి," అనేవారు. ఎవరైనా హీరో అంటే మొహం చిట్లించేవారు. "జీతం తీసుకుని చేసే పని. సరిగ్గా చేస్తే చాలు," అనేవారు.

కాయ కోత మొదలైన రోజున తప్పకుండా షెడ్లన్నిటికీ వెళ్ళేవారు. గడ్డిలో కాయలు సర్దే ఆడవాళ్ళను కూర్చోబెట్టి మెయిన్ స్విచ్ ఎక్కడుందో, బయటికి దారులెన్నో వాళ్ళ చేతే చెప్పించేవారు. ఎప్పుడూ చివర్లో ఒకటే మాట. "మంటని చూడొద్దమ్మా. మీ పక్కనున్న మనిషిని చూడండి."

రిటైరయ్యాక కూడా వెళ్ళేవారు. ఆయన రిటైరైన రెండో ఏడు, అదే ఆసామి షెడ్డులో, సీజన్ మధ్యలో, పొద్దున పదింటప్పుడు వైరు రాజుకుని గడ్డి అంటుకుంది. లోపల ఇరవై రెండు మంది ఆడవాళ్ళు. వాళ్ళలో మా తోడికోడలు ఒకతె. నేను అంగన్‌వాడీ నుంచి పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆమె స్విచ్ కట్టేసి, అందర్నీ బయటికి తెచ్చి వేపచెట్టు కింద వరసగా నిలబెట్టి లెక్కపెడుతోంది. ఇరవై ఒకటే వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై ఒకటే.

"పెద్దమ్మ లేదు!" అని అరిచింది. చెవులు వినపడని ముసలమ్మ ఒకావిడ, వెనకవైపు పెట్టెల చాటున కూర్చుని పనిచేస్తుంది.

అప్పుడే ఇంజిన్ వచ్చింది. ఆ మలుపులో వేగం తగ్గింది గానీ ఆగలేదు. మా తోడికోడలు ఎదురెళ్ళి, "వెనక ఎడమ మూల, పెట్టెల వెనకాల, ఒక్క మనిషండీ! వినపడదు!" అని చెప్పింది. ఇద్దరు తిన్నగా అక్కడికే వెళ్ళారు. వెతుక్కునే పని లేకపోయింది. మేం చూస్తుండగా, దగ్గుతూ, ఎందుకు తనను ఎత్తుకొస్తున్నారో తెలియక తిడుతూ, పెద్దమ్మ వాళ్ళ చేతుల మీద బయటికొచ్చింది. షెడ్డు సగానికి పైగా కాలకుండా మిగిలింది.

సారు ఎప్పుడొచ్చారో తెలియదు. లుంగీ, తుండుగుడ్డతో దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. ఒక్క మాట చెప్పలేదు, ఒక్క అడుగు ముందుకు వేయలేదు. ఆయన దగ్గర పని నేర్చుకుని ఆయన స్థానంలోకి వచ్చిన లీడింగ్ ఫైర్‌మన్, మొహమంతా మసితో వచ్చి ఎదురుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు.

"గొట్టాలు ఆరేశావా?"

"ఇంకా లేద్సార్."

"అది చూడు ముందు."

అతను నవ్వుతూ వెళ్ళిపోయాక సారు ఆ మలుపు దగ్గర కాలవ గట్టు మీద కూర్చున్నారు. నేను నీళ్ళిస్తే తాగలేదు, చేతిలోనే పట్టుకున్నారు. "మీ ఇళ్ళప్పుడు నేనిక్కడే దిగి పరిగెత్తానమ్మాయ్. ఇవాళ బండి ఆగలేదు, చూశావా?" అన్నారు. కళ్ళు తుండుగుడ్డతో గట్టిగా ఒత్తుకున్నారు.

ఇప్పుడు ఆ స్టేషన్‌లో కొత్తగా చేరిన ఎవరైనా మొదటి వారమంతా డొంకలు తిరిగి కొలవాలి. ఎవరూ ఉత్తర్వులివ్వలేదు. అలా చేయడం అక్కడ మామూలైపోయింది, అంతే. మా కాలనీలో ఇప్పుడు అన్నీ డాబాలే. అయినా వాళ్ళు ఏటా వస్తారు. మా ఆడవాళ్ళు తాడు రెండో కొస పట్టుకుంటారు.

మంగళవారం నేను వెళ్ళేసరికి సారు భార్య వాకిట్లో ఎవరితోనో గట్టిగా చెబుతున్నారు. "డ్యూటీలో ఉన్నవాళ్ళు రావొద్దని చెప్పండి. స్టేషన్ ఖాళీ చేసి వచ్చారంటే ఆయనకి కోపం." అలాగే డ్యూటీ లేనివాళ్ళే వచ్చారు, యూనిఫాంలో. సాయంత్రం శవపెట్టెను భుజాలకెత్తుకునేటప్పుడు మా ఆయన ఎవర్నీ అడక్కుండా ముందుకెళ్ళి ఒక కొస కింద భుజం పెట్టాడు.

సమాధుల తోట మామిడి తోటలకు ఆనుకునే ఉంటుంది. ఈ ఎండలకు అక్కడి గడ్డంతా ఎండి పుల్లలైంది. ప్రార్థన అయ్యాక, పొద్దు వాలుతుండగా, కొత్త మట్టి చుట్టూ మేమందరం కొవ్వొత్తులు వెలిగించాం. గాలి కొంచెం ఉంది. జట్టులోవాళ్ళు ఆ ఎండుగడ్డి వైపు చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరు పంపు దగ్గరికి వెళ్ళి బకెట్లతో నీళ్ళు తెచ్చారు. ఒకతను వంగి ముందుగా గడ్డి పీకుతూ నడిచాడు, వెనకాల ఇంకొకతను సమాధి చుట్టూ నెమ్మదిగా నీళ్ళు పోస్తూ నడిచాడు. మేం గేటు దాటి వెనక్కి తిరిగి చూస్తే, ఆ తడి మట్టి గుండ్రంగా నల్లగా మెరుస్తోంది. మధ్యలో కొవ్వొత్తులు ఊగుతూ వెలుగుతున్నాయి.