పెద్దపీరు చూపిన బండ

దయ్యం పట్టిందని ఎవరైనా చెబితే, ముందు కడుపు నిండా అన్నం పెట్టి చూడమనే రకం నేను. ఇది పట్టపగలు, ఊరందరి ఎదుట జరిగింది కాబట్టి రాస్తున్నా.

స్వరాజ్యం రాకముందు మాట. జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో బడి అయ్యవారిని. ఊళ్ల పాత సంగతులు, వంశాల వివరాలు వెతకడం నా పిచ్చి. ‘సమాధుల అయ్యవారు’ అని వెనకాల నవ్వుకునేవాళ్లు.

ఆ ఊళ్లో మొహర్రం పీర్ల పండుగకు ఇత్తడి చెయ్యి ఉన్న పెద్దపీరు ఎత్తేది దూదేకుల మస్తానప్ప ఇంటివాళ్లే. ఆ ఏడు ఊళ్లో నూనె గానుగ ఆడించే గానుగాయన అడ్డం తిరిగాడు.

“మీరు నడమ వచ్చినోళ్లు. మీ పెద్దలు ఈడోళ్లే అని రుజువేందప్పా?”

మస్తానప్ప తల్లి ముసలామె. తన మామగారి తాత ఫకీరప్ప దాకా పేర్లు వరసగా అప్పజెప్పింది. నోటిమాట చెల్లదన్నారు పెద్దమనుషులు. పండుగలోగా రుజువు చూపకపోతే పీరు ఇంకొకరి పాలు.

ఆ రుజువు కోసం కడప కచేరీల చుట్టూ తిరిగాను. గండికోట సమాధులన్నీ చూశాను. ఏమీ దొరకలేదు. మస్తానప్ప మొహం చూడలేక పక్క వీధిలోంచి బడికి పోయేవాణ్ని.

పండుగ వచ్చింది. తగువు తేలలేదు కాబట్టి పీరును కర్నూలు వైపు నుంచి పిలిపించిన మనిషి చేతికిచ్చారు. ఆయన ముందురోజే ఊళ్లో అడుగుపెట్టాడు. పీరు ఊగుతూ ఇల్లిల్లూ తిరగడం మామూలే. ఆ పొద్దు మాత్రం నేరుగా గానుగాయన వాకిట్లోకి పోయి, ఒక బండ మీద ఆని నిలబడిపోయింది. నలుగురు పట్టి లాగినా కదల్లేదు.

మా సీమలో ఇంట్లో, వాకిట్లో అంతా బండపరుపే. పరిచిన బండ అడుగున ఏముందోనని ఎవరూ తిరగేసి చూడరు. ఇన్ని ఊళ్లు తిరిగిన నాకూ అప్పటిదాకా ఆ ఆలోచన రాలేదు. ఆ బండ ఎత్తమన్నాను. గడ్డపారలు తేగానే పీరు తనంతట పక్కకు జరిగింది; బండ ఎత్తారు.

అడుగున చెయ్యి ఆకారంలో పీరు బొమ్మ చెక్కి ఉంది. దాని కింద అక్షరాలు. మా ఊరి పేరు, పెద్దపీరు ఎత్తిన దూదేకుల ఫకీరప్ప సమాధి అని.

గానుగాయన తాత ఆ సమాధి బండను తిరగేసి పరిపించిన వాకిలి అది. గానుగాయనే పీరు అందుకుని మస్తానప్ప చేతుల్లో పెట్టాడు. తప్పెట్లు మోగాయి. అయ్యవారినన్న సంగతి మరిచి నేనూ చిందేశాను.

తర్వాత ఆ కర్నూలాయన్ను పక్కకు పిలిచి, ఆ బండ సంగతి ఎట్లా తెలిసిందని అడిగాను.

“నాకేం తెల్దప్పా. ఎవురో మణికట్టు పట్టుకోని తీసకపోయినట్లుండె” అన్నాడు.

ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆ రోజు మాత్రం ఆ బాధ నాకు లేదు. ముసలామె బండ పక్కన కూర్చుని, మన్ను కడిగిన తడి అక్షరాల మీద చెయ్యి పెట్టి, “ఇంగోసారి సదువు సామీ” అంది. వెనక నిలబడ్డ పెద్దమనుషులకు కూడా వినపడేలా గొంతెత్తి చదివాను.