తుమ్మ కొట్టడం ఆపించిన ఉత్తరం

ఆరేళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను అవమానం మరిచిపోయే మనిషిని కాను. పెళ్లి పంక్తిలో నన్ను దాటి పక్కవాడికి వడ్డించినవాడి పేరు ఇప్పటికీ చెప్పగలను. అర్జీలు రాయడం నా అలవాటు. వీధి దీపానికో, మురుక్కాలువకో, ఏదో ఒకదానికి. సోమవారం వచ్చిందంటే కాగితం పట్టుకుని ఆఫీసు వరండాలో నిలబడేవాణ్ణి.

మా కాలనీ బందరు శివార్లలో, సముద్రం వైపు ఉంటుంది. వెనక బీడు నిండా సర్కారు తుమ్మ. ఈ నేలలో పుట్టిన చెట్టు కాదది. ఎక్కడినుంచో తెచ్చి ఎప్పుడో చల్లారు, ఇక ఆగలేదు. దాని కింద ఎండుగడ్డి, జమ్ము. వేసవిలో నిప్పురవ్వ పడితే బీడు అంచున చేపలవాళ్ల పాకలే ముందు అంటుకుంటాయి. అందుకని ఆ తుమ్మ కొట్టించమని మొదట అర్జీ పెట్టింది నేనే. నాలుగుసార్లు పెట్టాను. ఎవరూ కదల్లేదు. తరవాత మా వీధి చివర ఉండే రిటైర్డ్ మాస్టారు ఒక్కసారి వెళ్లి అడిగారు. పదిహేను రోజుల్లో పొక్లెయిన్ వచ్చింది.

పని మొదలైన రోజు మాస్టారికి దండ వేశారు. మొదటి అర్జీ నాదేనని నలుగురిలో గుర్తుచేశాను. వేళాకోళానికి నన్ను బావగారనే ఆయన నవ్వి, "మా బావగారిని దోమ కుట్టినా అర్జీయేనండీ, వాటిల్లో ఇదెక్కడ పడిపోయిందో!" అన్నారు. అందరూ గొల్లుమన్నారు. పాకల్లో ఉంటూ ఎండుచేపలమ్మే సీత కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తప్పు ఒప్పుకుంటూ కూడా మండుతోంది, చూశారా?

ఆ సాయంత్రమే ఉత్తరం రాశాను. నా దస్తూరి ఆఫీసులో అందరికీ తెలుసు కనక ఎడమచేత్తో రాశాను. అనుమతి లేకుండా చెట్లు కొట్టిస్తున్నారని, ఆ కలపను మాస్టారు బొగ్గు బట్టీలకు తోలిస్తున్నారని. అంతా అబద్ధం. కింద ఆకాశరామన్న అని పెట్టాను. మాస్టారు నాలుగు రోజులు ఆఫీసు చుట్టూ తిరిగితే చాలనుకున్నాను. అంతేనా? నిప్పు సంగతి అప్పుడు గుర్తు రాలేదా? వచ్చింది. ఆ నిప్పు గురించి నాలుగుసార్లు రాసినవాణ్ణి, నాకు గుర్తు రాకపోవడమేమిటి?

విచారణ అని పని ఆపేశారు. కొట్టిన కంప పాకల వెనకే కుప్పలుగా ఉండిపోయింది. నెలలు గడిచాయి. వేసవికి పెళపెళలాడేలా ఎండింది. ఒక మధ్యాహ్నం ఎవరో చెత్త అంటించారు. పడమటి గాలి మిగతా పని చేసింది. ఏడు పాకలు పోయాయి. సీత వల బయటికి లాగబోయి రెండు చేతులూ కాల్చుకుంది. వేళ్లు ముడుచుకుపోయాయి. ఇక కత్తిపీట పట్టలేదు.

అంటించింది నేను కాదు కదా అని చాలాకాలం అనుకున్నాను. ఆ కుప్పలు అక్కడెందుకున్నాయో తెలిసి కూడా అనుకున్నాను.

మీ చేతి అర్జీ అయితే వింటారు అంటూ సీత నా దగ్గరికే వచ్చింది. పాకలకు సాయం అడుగుతూ, ఆమె చెప్పినట్టే తుమ్మ పని ఎందుకాపారో చెప్పమంటూ రాసిచ్చాను. జవాబు వచ్చాక ఆ కాగితాన్ని చంకలో ఇరికించుకుని తెచ్చింది.

"ఏం రాశారు బాబాయిగారూ?"

"సాయం సంగతి చూస్తారంటమ్మా."

"మరి తుమ్మ కొట్టేది మజ్జిలో ఎందుకాపేశారంట?"

"అది రాయలేదు."

"మాస్టారే ఆపించారంటున్నారండీ అందరూ. కంప బేరం కుదర్లేదంట. నిజమేనంటారా?"

నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. "ఏమోనమ్మా. ఎవరి మనసులో ఏముందో."

"మోపిదేవి సామే చూసుకుంటాడు లెండి. ఆయనింటి ముందునుంచి కూడా నడవనింక."

అన్నట్టే నడవలేదు. ఆ తరవాత మాస్టారు గుడివాడలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. పోయిన ఏడాది అక్కడే కన్నుమూశారు. సీత చూడ్డానికి వెళ్లలేదు. నేను వెళ్లాను. పూలదండ కూడా వేశాను. నా చేతులు ఎలా లేచాయో నాకే తెలియదు.

సీత తెచ్చిన కాగితంలో నేను చదవకుండా దాటేసిన వాక్యం ఒకటుంది. 'పేరులేని ఫిర్యాదు అందినందున తుమ్మ తొలగింపు పనులు నిలిపివేయడమైనది.'

ఆ ఫిర్యాదు నాది. మాస్టారికి ఇక చెప్పలేను. సీతకు ఇంకా చెప్పలేదు. చెబుతానని మీకు మాటివ్వడానికీ ధైర్యం చాలడం లేదు. క్షమించమని అడగడం లేదు, అడగడానికి మీరు కాలిన మనిషి కారు. ఇవాళ మాత్రం, గదిలో ఎవరూ లేకపోయినా, ఆ వాక్యాన్ని పైకి చదివాను. మొదటినుంచి చివరిదాకా, ఒక్క మాట వదలకుండా.