ముప్పై ఒకటో బిళ్ళ

"ముప్పై పొయినయి, ఇరవై తొమ్మిదే మర్లినయి. ఇగ నేను అన్నం ఎట్ల తినాలె, నువ్వే చెప్పు తమ్మీ."

"ఏడికో పొయ్యుంటది. వస్తది తియ్యి కాకా. నువ్వైతే తిను."

"గనిల దిగిన మనిషి రాకుంటే గూడ గిట్లనే అంటవా? వస్తడు తియ్యి అని?"

రాకుండా పోయింది మనిషి కాదు, నాలుగో నంబరు కుక్క. ఆ తేడా మంగయ్య కాకకు గుర్తు చేసి లాభం లేదని నాకు తెలుసు. చేతిలో ఉన్న రేడియోను పక్కన పెట్టి, నేనూ ఆయనతోపాటు దారి వైపు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి క్వార్టర్ల మూడో లైన్లో ఉండే రూప్‌సింగ్ కుంటుకుంటూ, తిట్టుకుంటూ వచ్చాడు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో తాడు, తాడుకు రెండో కొసన నాలుగో నంబరు.

"కల్వర్టు దాంక ఉరికింది కాకా. నా కాలు ఇరిగిందని తెలిసి గూడ, ఊరంత ఉరికే కుక్కనే ఏరి నాకంటగట్టినవు."

మంగయ్య కాక లేచి వెళ్లి, గోడ మీది బోర్డుకు మిగిలిన ఒకే ఒక్క రేకు బిళ్ళను మేకు నుంచి తీసి డబ్బాలో వేశాడు. "అందరొచ్చిండ్రు" అన్నాడు. అప్పుడు గానీ అన్నానికి చేతులు కడుక్కోలేదు.

ఆయనకు బీడీ అలవాటు లేదు, కల్లు అలవాటు లేదు. బయటికి వెళ్లినవన్నీ తిరిగొచ్చాయా అని లెక్క చూసుకోవడం ఒక్కటే ఆయన వ్యసనం.

ఇల్లెందు దాటాక అడివి అంచున ఉన్న మా బొగ్గు గనిలో ఆయన ముప్పై నాలుగేళ్లు దీపాల గదిలో పనిచేశాడు. షిఫ్టుకు వచ్చిన మనిషి తన ఇత్తడి బిళ్ళను కిటికీలో ఇచ్చి తల దీపం తీసుకుంటాడు. ఆ బిళ్ళను బోర్డుకు తగిలిస్తారు. పైకొచ్చి దీపం అప్పజెప్పినప్పుడు బిళ్ళ తిరిగిస్తారు. షిఫ్టు ముగిశాక బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. మిగతావాళ్లు సైరన్ వినగానే ఇంటికి పోయేవాళ్లు. ఈయన మాత్రం బోర్డు ఖాళీ అయ్యేదాకా కదిలేవాడు కాదు. ఒకసారి ఎవరో బిళ్ళ తీసుకోవడం మరిచిపోయి ఇంటికి వెళ్లి పడుకుంటే, తలుపు తట్టి లేపి, మనిషిని ముట్టుకుని చూసి, బిళ్ళ చేతిలో పెట్టి వచ్చాడట. ఆయన రిటైరైన రోజు పూలదండ వేస్తుంటే, "ఆగుండ్రి, రెండో షిఫ్టోళ్లు ఇంకా నలుగురు రావాలె" అన్నాడు.

రిటైరయ్యాక లెక్కపెట్టడానికి ఏమీ లేక నెల రోజులు కృశించిపోయాడు. తర్వాత కుక్కలు దొరికాయి.

మా కాలనీలో కుక్కలకు కొదవ ఎందుకు లేదో చెప్పాలి. నెలకో నాలుగు కుటుంబాలకు మణుగూరుకో, రామగుండానికో బదిలీ అవుతుంది. లారీ వస్తుంది. మంచాలు ఎక్కుతాయి, రుబ్బురోలు ఎక్కుతుంది, మునగ కొమ్మ కూడా మట్టితో సహా ఎక్కుతుంది. కుక్క ఎక్కదు. అది రోడ్డు దాకా లారీ వెంట పరుగెత్తి, తిరిగొచ్చి, తాళం వేసిన క్వార్టర్ ముందు వారం రోజులు కూర్చుంటుంది. అలా కూర్చున్నవాటినన్నిటినీ మంగయ్య కాక పాత సైకిల్ స్టాండులోకి పిలుచుకొచ్చాడు. కొండమ్మ మాంసం కొట్టు నుంచి బొక్కలు, గని క్యాంటీన్ నుంచి మిగిలిన అన్నం. పశువుల దవాఖానా కాంపౌండర్ ఆదివారాలు సూది మందు తెచ్చి వేసేవాడు. బదులుగా ఆ కాంపౌండర్ పాత మర్ఫీ రేడియోను నా రేడియో కొట్టులో కూలి లేకుండా బాగుచేస్తానని కాక మాట ఇచ్చేశాడు. నన్ను అడగలేదు.

బిళ్ళలు చేయడం కూడా నా పనే. డాల్డా డబ్బా మూతలు కత్తిరించి, మేకుతో నంబరు పొడిచేవాణ్ని. కుక్కకు రెండు బిళ్ళలు, ఒకటి మెడకు, ఒకటి బోర్డుకు. కుక్క తిరగడానికి పోతే బోర్డు బిళ్ళ మేకుకు, తిరిగొస్తే డబ్బాలోకి. కుదిరినప్పుడు ఒక్కో కుక్కను ఒక్కో క్వార్టర్‌కు "పోస్టింగ్" ఇచ్చేవాడు. ఇచ్చాక వదిలేవాడా అంటే, లేదు. సాయంత్రం నాలుగు గంటల సైరన్ కాగానే నాలుగు లైన్లూ తిరిగి ప్రతి గేటు ముందూ నిలబడేవాడు.

"పదకొండో నంబరు ఏది?"

"పడుకున్నది కాకా. లేపాల్నా?"

"లేపకు. రాత్రంత అడివి పందుల మీద మొరిగింది. నైట్ షిఫ్టు చేసినోళ్లను లేపుతరా ఎవరన్న?"

పోస్టింగుల్లో ఆయన తెలివిని మేమెవరం మెచ్చుకోలేదు. కాలు విరిగి కర్ర పట్టుకున్న రూప్‌సింగ్‌కు ఉరికే కుక్కను ఇచ్చాడా, రెండో లైన్లో తుల్సీరాం అని పాత గుమాస్తా ఒకడు ఉన్నాడు, ఏడాదికి పది మాటలు మాట్లాడే మనిషి. ఆయనకు ఏడో నంబరును ఇచ్చాడు. అది ఎదురుగా కూర్చుని ఎవరైనా మాట్లాడుతుంటే తప్ప గిన్నె ముట్టదు.

తుల్సీరాం వారం చూసి ఫిర్యాదుకు వచ్చాడు. "దీన్ని మార్చు. ముచ్చట వెట్టనిది తింటలేదు."

"బదిలీ కావాల్నంటే కాగితం రాసి పట్కరా. కారణం సుత రాయి."

"ఏం రాయాలె?"

"కుక్కతోని మాట్లాడ చాతనైతలేదని రాసి సంతకం వెట్టు."

తుల్సీరాం కాగితం తేలేదు. పోనుపోను ఆయన గేటు దగ్గర సాయంత్రం పూట పాత గని మేనేజర్ల కథలు వినిపించేవి. వినేది ఏడో నంబరు.

ఎనభై నాలుగు ఎండాకాలంలో అడివి వైపు నుంచి పిచ్చికుక్క ఒకటి వచ్చి ఇద్దరిని కరిచింది. ఇద్దరికీ బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పడ్డాయి. కాలనీ వణికిపోయింది. పంచాయతీ తీర్మానం చేసింది. దాన్ని తీసుకొచ్చి సైకిల్ స్టాండులో చదివినవాడు పంచాయతీ బిల్ కలెక్టర్ బొజ్జయ్య.

"శుక్రవారం పట్టెటోళ్ల బండి వస్తది కాకా. మెడకు పట్టా ఉండాలె, సూది వేసిన చీటీ ఉండాలె, ఇంటి మనిషి గేటు కాడ నిలబడి ఇది నాది అనాలె. అనకుంటె తీస్కపోతరు. ఇంటికి రెండు దాటొద్దు."

"తీస్కపొయ్యి?"

బొజ్జయ్య కాగితం మడిచాడు. "మర్లి రావు కాకా."

మంగయ్య కాక బోర్డు వైపు తిరిగాడు. అప్పటికి ముప్పై ఒకటి ఉన్నాయి. పోస్టింగ్ అయినవి పందొమ్మిది. ఆయన క్వార్టర్‌లో రెండు. మిగిలిన పదికి ఐదు రోజులు.

ఆ ఐదు రోజులు ఆయన ఓట్లు అడిగేవాడికంటే ఎక్కువ గడపలు ఎక్కాడు. భయపడ్డవాళ్ల ముందు కాంపౌండర్ చీటీ చదివించాడు. అందం లేదన్నవాళ్లకు, "నీ పెండ్లినాడు నీ మామ గిట్లనే అన్నడు" అని గుర్తు చేశాడు. పందులు పెరట్లో మొక్కజొన్న తొక్కిన ఇళ్లకు పొద్దున్నే, నేల మీద గిట్టల గుర్తులు చెరగకముందే వెళ్లాడు. బుధవారానికి తొమ్మిదింటికి ఇళ్లు దొరికాయి. ముప్పై ఒకటోది మిగిలింది.

అది ముసలి ఎర్ర కుక్క. ఒక కంటికి పొర, నోట్లో పళ్లు నాలుగైదు. మెత్తగా వండిన వేడి అన్నం తప్ప నమలలేదు. నేను తీసుకుంటానంటే బొజ్జయ్య ఒప్పుకోలేదు. నేను పడుకునేది రేడియో కొట్టులో, కొట్టు ఇంటి కింద లెక్కకు రాదట.

బుధవారం సాయంత్రం కొండమ్మ తనంతట తనే వచ్చింది. "ఆ ముసలిదాన్ని నాకియ్యి అన్నా. నా కాడ పడుంటది."

"నీ కాడ బొక్కలుంటయి. దానికి పండ్లు లేవు. వద్దు పో" అన్నాడు మంగయ్య కాక.

ఆమె గొణుక్కుంటూ వెళ్లిపోయింది. నేను ఆయన మీద కోపం చేసిన రోజు అదొక్కటే.

"ఎల్లుండి బండి వస్తది. వచ్చిన మనిషిని ఎల్లగొడ్తవా?"

"దానికి వేరే జాగ చూసిన."

ఆ జాగా ఏదో చూసి నా కోపం ఇంకా పెరిగింది. దాన్ని తీసుకుని నాలుగో లైన్లో ఉప్పలమ్మ గేటు ముందుకు నడిచాడు. పోయిన మాఘంలో గనిలో కప్పు కూలి ఆమె మొగుడు ముత్యాలు పోయాడు. పిల్లలు లేరు. మొగుడి బదులు ఆమెకు రావాల్సిన ఉద్యోగం కాగితాలు తిరుగుతున్నాయి, అందాకా క్వార్టర్ ఉంచారు. ఆమె తలుపు తీయడమే తక్కువ.

"ఉప్పలమ్మా, దీన్ని ఉంచుకో. దీనికి రెండు పూటల పొయ్యి మీదికెళ్లి దింపిన మెత్తన్నం కావాలె."

"నాకెందుకే మామా, నన్నెందుకు సతాయిస్తవు" అంది ఆమె, లోపలి నుంచే.

"రేపు పొద్దుగాల వచ్చి ఏం వెట్టినవో చూస్త" అని గేటుకు తాడు కట్టేసి, మెడది కాకుండా బోర్డుది అయిన రెండో బిళ్ళను గేటు ఊచకు తగిలించి వచ్చేశాడు. దారిలో నేను ఆయనతో మాట్లాడలేదు. దుఃఖంలో ఉన్న మనిషి మీద ముసలి కుక్కను రుద్దినవాడితో ఏం మాట్లాడను.

గురువారం పొద్దున వెళ్లి వచ్చి, "పాల బన్ను వెట్టిందట. చెల్లదన్న" అని చెప్పాడు. సాయంత్రం మళ్లీ వెళ్లి వచ్చాడు. ఆ పూట అన్నం తినలేదు.

శుక్రవారం ఇనుప జాలీ కట్టిన బండి వచ్చింది. ఇద్దరు మనుషులు, చేతుల్లో తీగ ఉచ్చులు. ముందు కాగితాలతో బొజ్జయ్య, వెనక మంగయ్య కాక, ఆయన వెనక నేను. మొదటి లైనంతా గేట్ల ముందు నిలబడి నాది, నాది అంది. రెండో లైన్లో తుల్సీరాం గేటు బయటికొచ్చి, "ఇది నాది. పేరు ఏడు. మంచి తెలివైంది, చెప్తె అన్నీ ఇంటది" అని మొదలుపెట్టాడు. బొజ్జయ్య చేతులు జోడించి ఆపాల్సి వచ్చింది. మూడో లైన్లో రూప్‌సింగ్, నాలుగో నంబరు తాడు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. చేతుల్లో కర్ర లేదు. అది నేను అప్పుడే గమనించాను.

నాలుగో లైన్లో ఉప్పలమ్మ తలుపు మూసే ఉంది. ముసలి కుక్క గేటు ముందు కాళ్లు చాపుకుని పడుకుంది. గేటు ఊచకు బిళ్ళ లేదు.

"దీని మనిషేది కాకా?" అన్నాడు బొజ్జయ్య.

మంగయ్య కాక తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు. పిలవలేదు. గనిలో దిగిన మనిషిని కూడా ఆయన ఏనాడూ పిలిచింది లేదు, కిటికీ దగ్గర కూర్చుని చూడటమే తెలుసు. తీగ ఉచ్చు మనిషి ఒక అడుగు వేశాడు. కుక్క పొర కమ్మిన కన్నుతో అతన్ని చూసి తోక ఆడించింది.

తలుపు తెరుచుకుంది. ఉప్పలమ్మ ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో బిళ్ళతో బయటికొచ్చింది. గరిటె నుంచి ఆవిరి లేస్తోంది.

"ముట్టకు దాన్ని. నాది. అన్నం సల్లారవెడుతున్న, ఇంత తొందరేంది మీకు."

బొజ్జయ్య కాగితం మీద గీత గీశాడు. బండి ఖాళీగా కాలనీ దాటింది. మంగయ్య కాక సైకిల్ స్టాండుకు వచ్చి, బోర్డును పైనుంచి కిందికి చూసి, "అందరొచ్చిండ్రు" అన్నాడు. ఆ రోజు రెండుసార్లు వడ్డించుకున్నాడు.

నాలుగు రోజులు ఆగి అడిగాను.

"కొండమ్మ అడిగితె ఎందుకియ్యలే కాకా?"

"పండ్లు లేవన్న గద."

"అసలు ముచ్చట చెప్పు."

ఆయన డబ్బాలోని బిళ్ళలను ఒక్కొక్కటిగా తుడుస్తూ అన్నాడు: "దినాం లైన్లు తిరిగెటోణ్ని తమ్మీ. మూడు నెలల సంది ఆ ఇంట్లకెళ్లి పొగ వస్తలేదు. చాయ తాగుడు, బన్ను తినుడు. తినమని లైనంత చెప్పింది. చెప్తె తింటరా ఎవరన్న? తన కోసమైతె పొయ్యి ముట్టియ్యది. కుక్క కోసం ముట్టియ్యాలె గద."

"కుక్కకే వెట్టి ఊకుంటే?"

"పిడికెడు బియ్యం అది ఒక్కతే తింటదా? ముసలిది. సగం గిన్నెలనే మిగులుతది. పారబోసే బుద్ధి కాదు ఉప్పలమ్మది."

నేను బోర్డు వైపు చూశాను. నాలుగు, రూప్‌సింగ్. ఏడు, తుల్సీరాం. ముప్పై ఒక్క మేకుల కింద ముప్పై ఒక్క నంబర్లు నా చేత్తో రాసినవే. ఏ నంబరు ఏ ఇంటికి ఎందుకు వెళ్లిందో అడగకుండానే రాసినవి. ఆయనకు కనపడకుండా నవ్వుకున్నాను గానీ, ఆయన చూడనే చూశాడు.

"ఇగిలించుడు ఆపి లేవు. ఇయ్యాల నా మోకాళ్లు గుంజుతున్నయి, నాలుగో లైను దాంక పోలేను. నువ్వు పొయ్యేటప్పుడు ఉప్పలమ్మ గేటు కాడ ఆగి, ముప్పై ఒకటి తిన్నదా అని అడుగు. కుక్క సంగతే అడుగు, ఇంకేం అడగకు. అడుగుకుంట జర గోడ మీద బోర్లించిన గిన్నెల దిక్కు చూసి రా. రెండున్నయా, ఒకటే ఉన్నదా. నువ్వొచ్చి చెప్పేదాంక నేను తిననైతే తినను."