గొంతు చూసి లీడర్‌ను చేసిన్రు

డెబ్బైల చివర్ల, జహీరాబాద్ సర్కారు బడిల ఏడో తరగతి చదువుతున్నప్పుడు నన్ను స్కూల్ లీడర్‌ను చేసిన్రు. చదువు చూసి కాదు. పొద్దున ప్రార్థనల "సావధాన్" అంటే వెనక వరుసకు ఇనబడాలె, బడికి మైకు లేదు. పెద్దసారు ఒక్కొక్కల్ని మెట్ల మీద నిలబెట్టి అరవమన్నరు. నేను అరిస్తే బొంబాయి రోడ్డు మీద చాయ తాగుతున్న లారీ డ్రైవరు ఇటు తిరిగి చూసిండు. పెద్దసారు ఇంకెవ్వర్నీ అరవనియ్యలే.

ఇంట్ల చెప్తే మా నానమ్మ సంతోషపడలే. ఆడపిల్ల గొంతు గడప దాటొద్దని ఆమె ఎప్పటినుంచో చెప్తనే ఉన్నది.

"గీ గొంతుకు ఇనాం ఇచ్చే బడి గూడ ఉంటదా?" అని మా నాయనను అడిగింది.

"సర్కారు బడి గదనే అమ్మా, ఏమన్న చేస్తరు" అన్నడు నాయన.

బడిల తెలుగు మీడియం, ఉర్దూ మీడియం ఒక్క కాంపౌండ్‌లనే ఉండేటివి. ఉర్దూ మీడియంకు వేరే లీడర్ ఉండె. కండ్లద్దాలు పెట్టుకునే పిల్ల, బజార్ల దర్జీ బిడ్డ. నేను సావధాన్ అంటే వాళ్ల పిల్లలు గూడ సావధాన్ అయితున్నరని పెద్దసారుకు ఫిర్యాదు చేసింది. సారు ఆలోచించి, ఒక వారం నేను, ఒక వారం ఆమె అని తీర్పు చెప్పిన్రు. ఆమె వారంల వెనక వరుస మొత్తం విశ్రామ్‌లనే ఉండేది.

ఆ ఏడు వానకాలం ముసురు పట్టి ఇడవలే. ఒకనాడు సార్లందరు పెద్దసారు రూముల మీటింగ్‌ల ఉంటే, నేను ఐదో తరగతి పిల్లల్ని చూస్తున్న. గోడ మీదికెళ్లి మట్టి రాలవట్టింది. ముందు చారెడు, తర్వాత దోసెడు. పైన దూలం కిర్రుమన్నది. బయటికి నడువున్రి అన్న. ఒక్కరు లేవలే. బయట వాన పడుతున్నదని వాళ్లకు తెలుసు.

అప్పుడు "సావధాన్!" అని అరిచిన. అందరు దిగ్గున లేచిన్రు. "తేజ్ చల్!" అన్న. వానలకు వరుసగ నడిచిన్రు.

ఆ గోడకు అవతలి గది ఉర్దూ మీడియంది. నా కేక ఇని, అక్కడి పిల్లల్ని చూస్తున్న ఉర్దూ లీడర్ తలుపు కాడికి వచ్చింది.

"ఈ వారం నాది" అన్నది.

"గోడ పడుతున్నది" అన్న.

ఆమె వెనక్కి తిరిగి గోడ చూసింది. నా లెక్క అరవలే. పిల్లల్ని ఒక్కొక్కల్ని రెక్క పట్టి బయటికి గుంజింది. ఆఖరుకు ఒక చిన్నపిల్ల పలక కోసం మళ్ల లోపలికి ఉరికింది. పలకతోని సహా ఆ పిల్లను ఎత్తుకొచ్చింది. ఆమె అద్దాలు లోపలనే పడిపోయినయి.

గోడ కూలితే పెద్ద చప్పుడేం రాలే. వాన చప్పుడే ఎక్కువుండె. అలిసిపోయిన మనిషి కూసున్నట్టు కూసున్నది, మీద పెంకులు పడ్డయి. సార్లు ఉరికొచ్చిన్రు. పెద్దసారు పిల్లల్ని లెక్కపెట్టిన్రు, మళ్ల లెక్కపెట్టిన్రు, ఆ తర్వాత తడిసిన మెట్ల మీదనే కూలబడ్డరు. ఆమె వచ్చి నా భుజం పట్టుకున్నది. ధైర్యం చెప్తున్నది అనుకున్న. అద్దాలు లేక ఆమెకు దారి కనబడతలేదు.

"జర ఇంటిదాక వస్తవా?" అన్నది.

పోయినం. వాళ్ల నాయన కుట్టుమిషన్ ఆపి, "అద్దాలేవి బేటా?" అని అడిగిండు.

"గోడ కింద" అన్నదామె.

ఆయనకు సమజ్ కాలే. జరిగింది నేను చెప్పిన. ఆయన లేచి బిడ్డ తల మీద చెయ్యి పెట్టిండు, తర్వాత నా తల మీద. చేతులకు ఇంకా దారంపోగులు అంటుకొనే ఉన్నయి.

ఆ గదులు మళ్ల కట్టలే. సంవత్సరమంత వరండాల ఒక దిక్కు మా ఐదో తరగతి పిల్లలు, ఒక దిక్కు వాళ్ల పిల్లలు. రెండు భాషల ఎక్కాలు ఒక్కసారే ఇనబడేవి. ఏడో ఎక్కం నాకు ఇప్పటికీ ఉర్దూలనే వస్తది.