రేకు కోసం రాసిన అర్జీ

మొన్న మా వీధిలో తమ్ముడి వరసైన ఒకాయన తెల్లకాగితం పట్టుకుని వచ్చి, మురుగుకాలవ పూడిక తీయించమని మునిసిపాలిటీకి అర్జీ రాసివ్వమన్నాడు. రెండే వాక్యాలు రాసి చేతిలో పెట్టాను. కాగితం వెనక్కి తిప్పి చూసి, “ఇంతేనా అన్నా? నువ్వు రాస్తే వాళ్లు దిమ్మ తిరిగి పడిపోతారని చెప్పారే,” అన్నాడు. చాలన్నాను. నొచ్చుకునే వెళ్లాడు. ఒకప్పుడు నా అర్జీలు మూడు పేజీలకు తగ్గేవి కావు. ఎందుకు తగ్గాయో చెప్పాలంటే మా పిన్ని సంగతి చెప్పాలి.

నేను ఏడో తరగతితో బడి మానేసి కుట్టుమిషన్ ఎక్కినవాణ్ణి. మిగతా చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే. సాయంత్రం తలుపు తీసే వేళకు గుమ్మంలో ముందు నేనే ఉండేవాణ్ణి. లైబ్రేరియన్‌గారు నన్ను కూర్చోబెట్టి టీ తాగడానికి వెళ్లేవారు, అంత నమ్మకం. కథలు అయిపోయాక చరిత్ర పట్టాను. కొండవీటి రాజుల వరస తడుముకోకుండా చెప్పగలిగే దర్జీ ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే అని ఇప్పటికీ నా నమ్మకం. చరిత్ర కూడా అయిపోయాక, ఎవరూ ముట్టని బీరువాలో పురపాలక చట్టాల పుస్తకాలు దొరికాయి. ఆ భాష నాకు తెగ నచ్చింది. ఒక్కో వాక్యం గూడ్సు బండిలా ఎంతసేపటికీ అయ్యేది కాదు. నాకూ అలా రాయడం వచ్చేసింది. వీధిలో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా నా మిషన్ దగ్గరికే వచ్చేవాళ్లు.

పిన్ని మాకు చుట్టమేమీ కాదు. నా చిన్నప్పుడు పక్క వాటాలో ఉండేది. మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్లేది. సాయంత్రం రాగానే మజ్జిగ గిన్నెలో చేతులు ముంచుకుని కూర్చునేది, మంట తగ్గేదాకా మమ్మల్నెవరినీ ముట్టుకునేది కాదు. పిల్లలు కలగలేదు. భర్త పోయాడు. చేతులు వంకర్లు పోయి పని మానేశాక, మునిసిపాలిటీ వాళ్లు నీళ్ల ట్యాంకు వెనక ముసలివాళ్ల కోసం కట్టిన గదుల్లో ఒకటి ఆమెకు వచ్చింది.

పది గదులు, ఒకే వరస. పైన సిమెంటు రేకులు, కింద నాపరాళ్లు. ఎండాకాలం మా పల్నాటి ఎండకు ఆ గదుల్లో నీళ్లకుండ కూడా వెచ్చబడేది. వానాకాలం నాపరాళ్ల సందుల్లోంచి నీళ్లు ఉబికేవి, మంచాలు ఇటుకల మీదికి ఎక్కేవి. మరుగుదొడ్లు రెండు. ఒకదానికి తలుపు ఉండేది కాని ఎప్పుడూ తాళమే. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఆఫీసులో ఎవరూ చెప్పలేకపోయారు. రెండోదానికి తలుపే లేదు, పాత చీర కట్టుకున్నారు. లోపలున్నవాళ్లు దగ్గుతూ ఉండాలని కట్టుబాటు. ఆ వరసలో దగ్గు లేనివాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఆ కట్టుబాటు బాగానే సాగింది. పిన్ని గదిలో సరిగ్గా మంచం పైన రేకు పగిలింది. మంచం జరపడానికి గదిలో చోటు లేదు. తలవైపు గొడుగు కట్టుకుని, కాళ్లవైపు బకెట్ పెట్టుకుని, మధ్యలో ముడుచుకుని పడుకునేది. “నడుం వరకే మునిసిపాలిటీ, తలకాయ నా సొంతం,” అని నవ్వేది.

ఒకరోజు నా మిషన్ దగ్గరికి వచ్చి, “ఒరేయ్ అబ్బాయ్, రేకొకటి మార్చమని రాసియ్యిరా. ఇంకేం వద్దు,” అంది.

రేకొకటి మార్చమని రాస్తే ఎవరు పట్టించుకుంటారు అనుకున్నాను. అప్పటికే అలాంటి చిన్న అర్జీలు నాలుగైదు ఆ గదులవాళ్లే ఎవరితోనో రాయించి ఇచ్చారు, ఉలుకూ పలుకూ లేదు. ఈసారి చట్టం భాషలో కొట్టాలని వారం రోజులు గ్రంథాలయంలో కూర్చున్నాను. గోడల బీటలు, పునాది చెమ్మ, మరుగుదొడ్ల దుస్థితి అన్నీ పెట్టి, చివర ఈ వాక్యం రాశాను: “సదరు గదులు మానవ నివాసమునకు ఎంతమాత్రమును యోగ్యములు కావనియు, ఏ క్షణమున కూలి ప్రాణనష్టము వాటిల్లునో చెప్పజాలమనియు మనవి.” ఆ వాక్యం మీద నాకు ఎంత మోజు పుట్టిందంటే, సంతకాలకు వెళ్లినప్పుడు గది గదికీ నిలబడి చదివాను. అందరూ మెచ్చుకున్నారు. చివరి గదిలో ఉండే తాత మాత్రం చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అంతా విని, “బాగుందిరా. రేకు సంగతి యాడుంది?” అన్నాడు.

“అన్నీ అందులోనే వచ్చాయి తాతా.”

“అట్టనా. నాకు ఇనపళ్లేదులే,” అని వేలిముద్ర వేశాడు.

ఈసారి కదలిక వచ్చింది. నెల తిరక్కుండా ఇంజినీరు వచ్చాడు. పిన్ని ఉన్న ఒక్క కుర్చీ తుడిచి వేసింది, టీ పెట్టింది. ఆయన గోడలకు టేపు పెట్టి కొలిచాడు, పగిలిన రేకువైపు ఒకసారి తలెత్తి చూశాడు. వెళ్తూ వెళ్తూ నాతో, “చానా బాగా రాశారండీ. మా నోట్‌లో మేం కొత్తగా రాయాల్సిన పనే లేకపోయింది,” అన్నాడు. ఆ రోజంతా నేను మిషన్ తొక్కలేదు. వచ్చినవాళ్లకల్లా ఆ మాట చెప్పుకుంటూ కూర్చున్నాను.

పదిరోజులకు గదుల తలుపుల మీద నోటీసులు అంటించారు. పిన్ని కబురు పెడితే వెళ్లాను. అందరూ అరుగు మీద చేరారు. నేను పైకి చదవడం మొదలుపెట్టాను. సదరు గదులు మానవ నివాసమునకు ఎంతమాత్రమును యోగ్యములు కావనియు, అని చదివి కాగితం దించేశాను. పిన్ని తల వంచుకుని వింటోంది. ఆమెకు చదువు రాదు, కాని ఒకసారి విన్నది మర్చిపోదు.

“ఇది నువ్వు రాసిందే గదంట్రా?” అంది.

“నేను రాసిందే పిన్నీ.”

“మరి వాళ్లు ఏందంటన్నారు?”

“వారంలో ఖాళీ చెయ్యమంటున్నారు.”

తాత ఒక్కడే, “గట్టిగా రాశావురా,” అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మర్నాడే ఇంకో అర్జీ పట్టుకుని ఆఫీసుకు పరిగెత్తాను. గదులు బాగానే ఉన్నాయని, చిన్న మరమ్మతు చాలని రాశాను. గుమాస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. “మొన్న కూలిపోతాయన్నారు. ఇయ్యాల బాగున్నయ్యంటే ఎట్టాగండీ? రెండూ మీ దస్తూరీనే. రేపు నిజంగానే కూలితే మా ఉద్యోగాలు పోతయ్,” అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి నేను చదివిన పుస్తకాల్లో ఒక్క మాటా దొరకలేదు.

మా ఇంట్లో ఉండమని పిన్నిని అడిగాను. అడిగాననే చెప్పుకుంటాను గాని, నా నోటి నుంచి వచ్చింది “నాలుగు రోజులు మా ఇంట్లో ఉండు పిన్నీ” అని. ఒక గది, ఒక వంటిల్లు, మధ్యలో మిషన్ ఉన్న ఇల్లు నాది. ఆ నాలుగు రోజులన్న మాట ఆమె చెవిన పడింది. “ఎందుకులేరా, అందరం కలిసే పోతన్నాం గదా,” అంది.

కొత్త గదులు కట్టేదాకా అని చెప్పి, అందరినీ మునిసిపాలిటీ కల్యాణమండపం వెనక ఉన్న భోజనాల హాల్లోకి మార్చారు. రెండేళ్లు దాటింది. కొత్త గదులకు ఇంతవరకూ ముగ్గు పొయ్యలేదు, పాత గదులు కూలనూ లేదు. హాలు కురవదు, నేల చల్లగా ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కాని పెళ్లి ఉన్న రోజు విస్తళ్లు వెయ్యడానికి హాలు కావాలి. తెల్లారకముందే వాచ్‌మన్ వచ్చి లేపుతాడు. చాపలూ మూటలూ మోసుకుని వెనక ప్రహరీ పక్కకు చేరతారు. అక్కడ నీడ ఉండదు. పెళ్లివాళ్లు మంచివాళ్లైతే భోజనం పంపిస్తారు. వరస ముహూర్తాలున్న నెలలో మూటలు విప్పేపనే ఉండదు. తాత కిందటి మాఘమాసంలో ఆ గోడ పక్కనే పోయాడు. లోపల పెళ్లి జరుగుతోందని, మేళం ఆగేదాకా ఎవరూ ఏడవలేదు.

ఇప్పుడు నేను వెళ్తే పిన్ని రేకు మాట ఎత్తదు, అర్జీ మాట ఎత్తదు. దగ్గర కూర్చోబెట్టుకుని, “మూఢం ఎప్పుడు వచ్చిద్దిరా అబ్బాయ్? ఎన్నాళ్లు ఉండిద్ది?” అని అడుగుతుంది. మూఢంలోనూ శూన్యమాసంలోనూ పెళ్లిళ్లు ఉండవు, వాళ్లను ఎవరూ లేపరు. గ్రంథాలయానికి వెళ్లి పంచాంగం తిరగేసి చూసి వచ్చి చెబుతాను. మంచిరోజుల కోసమే జనం పంచాంగం చూస్తారని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఈ వయసులో నేను, ఒక ముసలిదాని నిద్ర కోసం, చెడ్డరోజులు ఇంకాస్త ఎక్కువ ఉంటే బాగుండునని వేళ్ల మీద లెక్కపెడుతున్నాను.